మూడు సొట్టలు

నేను ఒక ఇత్తడి తాంబాళాన్ని. పుట్టిందే దెబ్బల్లో. ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జారంలో కంచరి రెండు రోజులు సుత్తితో బాదితే ఈ ఆకారం వచ్చింది. నా జన్మకు సరిపడా దెబ్బలు తినేశాననుకుంటూ పల్నాడులో ఒక క్యాథలిక్ గుడికి చేరాను.

నాకు ఏడాదికి ఒక్క పూటే పని. పవిత్ర గురువారం సాయంత్రం, క్రీస్తు శిష్యుల కాళ్లు కడిగినట్టు, ఫాదర్ గారు పన్నెండు మంది కాళ్లు నాలో కడుగుతారు. ఆ పన్నెండు మందీ పై వీధి ఆసాములే. ఫాదర్ చేతికి మురికి అంటకూడదని ఇంటి దగ్గరే సబ్బుతో రుద్దుకుని, పౌడరు కూడా అద్దుకుని వచ్చేవాళ్లు. ముప్పై ఏళ్లు నాలో పడ్డవి పౌడరు నీళ్లే. వినయం ఇంత శుభ్రంగా ఉంటుందా అని నాకు నవ్వొచ్చేది.

ఫాదర్ మరియన్న వచ్చిన ఏడు ఆ మర్యాద చెడింది. బక్కపలచటి మనిషి, గుడి తనే ఊడ్చుకునేవారు. "ఈసారి చేలో నుంచి నేరుగా వచ్చినవాళ్ల కాళ్లు కడుగుతాను" అని ముందే చెప్పారు. కింది వీధి మిరప కూలీ లూర్దయ్యను మొదటి కుర్చీలో కూర్చోబెట్టారు. అది మూడు తరాలుగా పై వీధి శౌరెడ్డి ఇంటివాళ్లు కూర్చునే చోటు.

లూర్దయ్య నాలో కాలు పెట్టాడో లేదో, శౌరెడ్డి వచ్చి చొక్కా పట్టి ఈడ్చి కింద పడేశాడు. "మా తాత కూచున్న కుర్చీరా ఇది!" అంటూ డొక్కలో తన్నాడు. ఫాదర్ అడ్డం పడ్డారు. శౌరెడ్డి నన్ను ఎత్తాడు. నా అంచుతో ఫాదర్ ముఖం మీద ఒకటి, రెండు, మూడు. ఎముక విరగడం నాకు తెలిసింది. నోరుంటే అరిచేదాన్ని. రెండు వీధులవాళ్లూ కుర్చీలు విరగ్గొట్టి ఆ కోళ్లతో బలిపీఠం ముందే తలలు పగలగొట్టుకున్నారు.

ఫాదర్ లేచారు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట నెత్తురు ముద్ద. తడుముకుంటూ నన్ను వెతికి పట్టుకున్నారు.

"లూర్దయ్యా, కాలు పెట్టు నాయనా."

"వొద్దు సామీ, ఆస్పత్రికి పోదాం పదండి" అని లూర్దయ్య ఏడ్చాడు.

ఎవరో చెంబుతో నీళ్లు పోశారు. నాలో నీళ్లకంటే నెత్తురే ఎక్కువ. లూర్దయ్య రెండో పాదం తుడవబోతూ ఫాదర్ కూలిపోయారు.

ఆ కన్ను పోయింది. శౌరెడ్డి జైలుకెళ్లి, బెయిలు మీద వచ్చాడు. బదిలీ చేస్తామని బిషప్ గారు కబురు పంపితే, "ఇంకా పదకొండు మంది మిగిలారు" అని ఫాదర్ కదల్లేదు.

మరుసటి ఏడు పవిత్ర గురువారం. గుమ్మంలో పోలీసులు. లూర్దయ్యకు కిందటేడే కడిగారు కాబట్టి, పదకొండు మంది కాళ్లు కడిగేసరికి చివరి కుర్చీ ఖాళీగా ఉంది. తలమీంచి కండువా కప్పుకున్న ఎవరో వచ్చి కూర్చుని, పిక్కలదాకా మట్టి కొట్టుకున్న కాళ్లు నాలో పెట్టారు. ఫాదర్‌కు ఉన్న కంటికీ చూపు మసకే.

"ఎవరు నాయనా?"

"నేను సామీ, శౌరెడ్డిని. కొట్టినోణ్ణి."

కింది వీధివాళ్లు ఒక్కసారిగా లేచారు. అందరికంటే ముందు లూర్దయ్య లేచాడు. మళ్లీ నెత్తురు తప్పదని నేను బిగుసుకుపోయాను.

ఫాదర్ తల ఎత్తలేదు. "మట్టి బాగా ఉంది. ఇంకో చెంబు పొయ్యండి" అన్నారు.

లూర్దయ్యే చెంబు అందుకున్నాడు. శౌరెడ్డి ముఖం చూడలేదు. నీళ్లు మాత్రం పోశాడు.

ఫాదర్ మరియన్న ఇప్పుడు గుడి వెనక సమాధిలో ఉన్నారు. నేను సామాన్ల గదిలో ఉంటాను, ఏటా ఒక పూట బయటికొస్తాను. నా అంచు సొట్టలు తీయిద్దామని ఎవరన్నా అంటే లూర్దయ్య ఒప్పుకోడు. నాకూ ఇష్టం లేదు. ఆ పూట అయ్యాక నన్ను బోర్లిస్తే, అడుగు నుంచి పౌడరు నీళ్లు కాదు, మట్టి జారుతుంది.