స్తుతి పాలిచ్చిన పొద్దు

మిరపకాయల ఘాటు.

కళ్లం నిండా ఎండుతున్న కాయలు. గాలి ఆగినా ఘాటు ఆగదు... ముక్కులోకి, గొంతులోకి, చీర కుచ్చెళ్లలోకి, కుండలో నీళ్లలోకి.

ఆ ఘాటులో కూచుని స్తుతి తెల్లబోయిన తాలుకాయలు ఏరుతోంది. ఏరుతూ పాడుతోంది.

నాలుగో నెల. కడుపు ఇంకా ఎవరికీ కనపడదు. ఆమెకు మాత్రం తెలుసు — లోపల ఎవరో వింటున్నారు.

పెళ్లైన ఇన్నేళ్లకు నిలిచిన చిన్న ప్రాణం.

నందికొట్కూరు దాటాక కాలువ గట్టు వెంట, నల్లరేగడి మధ్యలో ఉంది వాళ్ల ఊరు. ఊళ్లో రాతిగోడల చర్చి. ఆదివారం అందరికంటే ముందు లేచే గొంతు స్తుతిది. ఆ గొంతు వినపడగానే పక్క వీధిలో గుల్జార్ బీ కుట్టుమిషను ఆపి కూచుంటుందని చెప్పుకుంటారు.

భర్త లేవి ట్రాక్టరు తోలుతాడు. మాట తక్కువ. అత్త రామలక్ష్మమ్మ మేకలు కాస్తుంది. ఆమె అరుపుకు మేకలే కాదు, మనుషులూ దారి ఇస్తారు.

అదీ ఆ ఇల్లు.

కడుపుతో ఉన్నవాళ్లందరికీ చేసినట్టే నందికొట్కూరు ఆసుపత్రిలో స్తుతికీ నెత్తురు పరీక్ష చేశారు. మళ్లీ రమ్మన్నారు. మళ్లీ చేశారు. మీ ఆయన్ని తీసుకుని కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మన్నారు.

ఎందుకో చెప్పలేదు.

కర్నూలులో ఒక చిన్న గది. నడివయసు మేడం. ఆమె లేచి తలుపు దగ్గరికి వేసింది. ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. కిటికీ ఊచ మీద ఒక ఉడుత — రెండు చేతులా ఏదో పట్టుకుని కొరుకుతోంది.

మేడం మెల్లగా చెప్పింది. చాలా మెల్లగా.

హెచ్.ఐ.వి.

స్తుతి ఉడుత వంకే చూస్తోంది. ఆ మాట ఆమెకు తెలియనిది కాదు. బడిగోడ మీద చూసింది. బస్టాండులో చూసింది. ఆడవాళ్లు గొంతు తగ్గించి అనుకుంటుంటే విన్నది. గోడ మీద ఉండాల్సిన మాట... నెత్తుట్లోకి ఎట్లా వచ్చింది?

లేవికీ పరీక్ష చేశారు.

అతనిలో లేదు. ఆమెలో ఉంది.

ఎట్లా?

చిన్నప్పుడు ఎద్దులబండి మీంచి పడి, ఎవరిదో నెత్తురు ఎక్కించుకుని బతికింది. అప్పుడా? ఊళ్లలో తిరిగి జ్వరాలకు సూదులేసే మనిషి దగ్గర చేయి చాపింది. అప్పుడా?

"ఇప్పుడు తెలుసుకునే దారి లేదమ్మా," అంది మేడం. "తెలుసుకుని చేసేదీ లేదు. మందుంది. రోజూ వేసుకుంటే నువ్వు బాగుంటావు. బిడ్డకు రాకుండా కాపాడుకోవచ్చు."

మందుంది — అన్న మాట స్తుతి చెవిన పడింది. లోపలికి దిగలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో లేవి కిటికీ వైపు కూచున్నాడు. బయట బీడు పొలాలు. మార్చి ఎండకే నేల నెర్రెలు విచ్చింది. నల్లటి నేల, వేల నోళ్లు తెరుచుకుని...

ఆమె కాచుకుని ఉంది. అడుగుతాడు. ఇప్పుడు అడుగుతాడు. ఎవరు, అని. ఎప్పుడు, అని. నాకు తెలీకుండా ఏం జరిగింది, అని. తన బతుకులో ఇతను తప్ప మరో మగవాడు లేడు. ఆ మాట చెప్పడానికి నోట్లో సిద్ధంగా పెట్టుకుంది. చెప్తే నమ్ముతాడా?

లేవి ఇటు తిరిగాడు.

"ఆకలైతాందా?" అన్నాడు.

అంతే. మరేం అడగలేదు. ఆ రోజూ అడగలేదు. తర్వాతా అడగలేదు.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నందికొట్కూరు వచ్చేదాకా ఏడ్చింది. అతను ఆమె చేయి మీద చేయి వేసి, నేల నోళ్లను చూస్తూ కూచున్నాడు.

ఇంటికొచ్చాక స్తుతి తనను తాను విడదీసుకుంది.

తన కంచం వేరు. తన గ్లాసు వేరు. తన దువ్వెన వేరు. అవసరం లేదని మేడం నొక్కి చెప్పింది — అయినా వేరు. కాలువలో అందరూ ఉతుక్కుని వెళ్లాక, అందరికంటే దిగువన, తన బట్టలు తను ఉతుక్కునేది. కత్తిపీట మీద వేలు తెగితే పరుగున పెరట్లోకి పోయి, రాలిన చుక్క మీద మన్ను కప్పేది. కప్పి, కాలితో తొక్కి, మళ్లీ కప్పేది.

తన నెత్తురంటే తనకే భయం.

చర్చిలో వెనక వరుసలో కూచుంది. పాట మొదలుపెట్టేవాళ్లు లేక ఆ ఆదివారం అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె తల వంచుకుంది.    

కానీ మాత్ర మానలేదు. రోజూ అన్నం తిన్నాక ఒక మాత్ర. మొదట్లో తల తిరిగేది. చిత్రమైన కలలొచ్చేవి — కాలువ వెనక్కి పారుతున్నట్టు, మేకలు మాట్లాడుతున్నట్టు. ఆమె కడుపు మీద చేయి వేసుకుని మింగేది. నాకోసం కాదు, అనుకునేది. నీకోసం.

లోపల ఎవరో కదిలేవారు.

ఎంత చిన్నది నెత్తుట్లోని ఆ జబ్బు పురుగు! కంటికి కనపడదు. ఎంత చిన్నది ఈ మాత్ర! గుప్పిట్లో కనపడదు. ఎంత చిన్నది ఈ ప్రాణం! ముగ్గురూ ఒకే చీకట్లో... ఒకే ఒంట్లో.

ఎవరు గెలుస్తారు?

వేరే కంచం రామలక్ష్మమ్మ కంట పడింది. పడకుండా ఎట్లా ఉంటుంది?

"ఏం మే స్తుతీ, నీ కంచం ఆ మూలన దాసి పెడతాండావే? మేం తిన్న కంచాల్లో తినవా? అంత గలీజుగా ఉండామా మేము?"

కొట్టంలో మేకపిల్లకు ఆకు వేస్తోంది స్తుతి. చేతిలో ఆకు అట్లాగే ఉంది. చెప్పేసింది. అంతా చెప్పేసింది. లేవికి లేదని కూడా చెప్పింది.

రామలక్ష్మమ్మ అరవలేదు.

అరిచినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే సంచిలో రెండు చీరలు పెట్టుకుని, మేకలు కొడుక్కి అప్పజెప్పి, మహానంది దగ్గర చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఎప్పుడొస్తానని చెప్పలేదు. కోడలి మొహం చూడలేదు.

"వస్తాదిలే," అన్నాడు లేవి.

రాలేదు.

ఎండలు ముదిరాయి. నెర్రెలు వెడల్పయ్యాయి. పొలానికి పోతే కాలు దిగబడుతుందేమో అన్నంత వెడల్పు. వంగి చూస్తే అడుగు కనపడదు. స్తుతి ఒకసారి వంగి చూసింది కూడా. చల్లటి గాలి ఒకటి కిందినుంచి వచ్చి మొహానికి తగిలింది. అంత కాలిన నేలలో, అంత లోతున... చల్లదనం.

ఆమె ఆశ్చర్యపోయి అక్కడే నిలబడింది.

కర్నూలుకు పోయినప్పుడు మేడం నవ్వు మొహంతో చెప్పింది. "మందు బాగా పనిచేస్తోంది. నీ నెత్తుట్లో అది పరీక్షకు కూడా దొరకనంత తగ్గిపోయింది."

"పోయిందా మేడం?"

"పోలేదు. ఉంది. కానీ అణిగిపోయింది. నువ్వు మాత్ర మానితే మళ్లీ లేస్తుంది."

ఉంది... కానీ కనపడదు. పట్టపగలు చుక్కల్లాగా. స్తుతి బయటికొచ్చి ఆకాశం వంక చూసింది. తెల్లటి ఎండ. ఆ వెనక ఎన్నెన్ని ఉన్నాయో!

శ్రావణంలో నొప్పులొచ్చాయి.

కర్నూలులోనే కాన్పు. ఆడపిల్ల. నల్లటి జుట్టు. పిడికిళ్లు బిగించుకుని, ప్రపంచం మీద కోపం వచ్చినట్టు ఏడ్చింది. జబ్బు అంటకుండా నర్సు బిడ్డ నోట్లో చుక్కల మందు పోసింది. తల్లి పక్కన పడుకోబెట్టింది.

"పాలియ్యమ్మా. మొదటి పాలు. ఇంకేమీ పట్టొద్దు."

స్తుతి అటు తిరిగి పడుకుంది.

ఇవ్వొచ్చని మేడం చెప్పింది. ఒకసారి కాదు, వెళ్లిన ప్రతిసారీ చెప్పింది. తల ఊపింది. నమ్మాననుకుంది. కానీ ఇప్పుడు — ఈ చిన్న నోరు. ఈ ఎర్రటి, మెత్తటి, ఏ పాపమూ తెలియని నోరు. దీనికి తన లోపలిది ఎట్లా ఇవ్వడం? ఇన్ని నెలలు తన చుక్క నేల మీద పడితే మన్ను కప్పింది. ఇప్పుడు బిడ్డ నాలుక మీద పెట్టడమా?

రొమ్ములు రాళ్లలా బిగిశాయి. రవిక తడిసింది. ఆమె వద్దన్నా ఒళ్లు ఆగలేదు. ఒంటికి ఎవరూ చెప్పలేదు కాబోలు — ఈమెకు జబ్బు అని.

బిడ్డ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు సన్నబడింది. నర్సు కోప్పడింది. లేవి వార్డు వాకిట్లో నిలబడి, లోపలికి రాలేక, బయటికి పోలేక...

అప్పుడు వచ్చింది రామలక్ష్మమ్మ.

కొడుకు పంపిన కబురు అందింది కాబోలు. కాళ్లకు దుమ్ము. చేతిలో అదే సంచి. ఎవరినీ పలకరించకుండా వచ్చి, బిడ్డను ఎత్తుకుని, మంచం మీద కోడలి పక్కన కూచుంది.

"ఇయ్యి," అంది.

స్తుతి ఇటు తిరిగి చూసింది.

"ఏడుస్తాండాది గదా బిడ్డ. ఇయ్యి మే."

"అత్తా... ఇన్నాళ్లూ యాడికి పోయినావత్తా?"

రామలక్ష్మమ్మ బిడ్డ వీపు నిమిరింది. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం స్తుతి ఎప్పుడూ వినలేదు.

"మా చెల్లెలింట్లో కూచోని ఏడ్చినా. శానా ఏడ్చినా. నీ మింద కోపం. దేవుని మింద కోపం. మహానంది గుండం కాడికి పోయి ఆ నీళ్లలోకి చూస్తా కూచుండేదాన్ని. యాడి నుంచి వస్తాయో తెల్దు, ఎప్పుడూ వస్తానే ఉంటాయి. చుట్టూ అంతా ఎండిపోయినా వస్తానే ఉంటాయి. ఇట్లగాదని లేసి నంద్యాల ఆసుపత్రికి పోయినా. ఒకామె ఉండాది డాక్టరమ్మా, ఎవరో ఏమో నాకు తెల్దు, ఆమెకు ఆ జబ్బు ఉండాది, బిడ్డకి పాలియ్యొచ్చునా అని అడిగినా."

"ఏమన్నాది?"

"మీ కోడలా అవ్వా, అనె."

స్తుతికి నవ్వొచ్చింది. ఏడుపొచ్చింది. ఏది ముందొచ్చిందో తెలియదు.

"ఇయ్యొచ్చంట. నువ్వు మాత్ర మానగూడదంట. బిడ్డకి చుక్కలు పోయల్లంట. ఆర్నెల్లు నీ పాలు తప్ప నీళ్లు గూడ తాపగూడదంట. రెండుసార్లు చెప్పిచ్చుకున్యా."

"అయినా... బిడ్డకొస్తే అత్తా?"

రామలక్ష్మమ్మ తల ఎత్తింది. కిటికీలోంచి ఎండ ఆమె ముడతల మొహం మీద పడింది. ఆ కళ్లల్లో ఎప్పుడూ లేనిది — బెదురు.

"నాకేం తెల్సు మే. నాకూ బయంగానే ఉండాది," అంది. "బయపడతానే ఇయ్యి."

స్తుతి లేచి కూచుంది.

రవిక విప్పుకుంది.  అత్త బిడ్డ తలను పట్టుకుని దగ్గరికి తెచ్చింది. చిన్న నోరు వెతుక్కుంది... అటు, ఇటు... దొరకబుచ్చుకుంది.

పట్టుకుంది.

ఒళ్లంతా ఒక్కసారి ఝల్లుమంది. ఎక్కడో అరికాళ్ల నుంచి, వెన్నులోంచి, పేరు తెలియని లోతుల్లోంచి — వస్తోంది. వస్తోంది. ఆమె రమ్మనలేదు. ఆమె పంపలేదు. తనంతట తనే వస్తోంది.

బిడ్డ మింగుతున్న చప్పుడు.

గుటక... గుటక... గుటక.

వార్డంతా ఆ చప్పుడే ఉన్నట్టుంది. స్తుతి ఊపిరి బిగబట్టి విన్నది. రామలక్ష్మమ్మ విన్నది. వాకిట్లో లేవి తల లోపలికి పెట్టి విన్నాడు.



ఆ రోజు వాన రాలేదు. బయట అదే ఎండ, అదే దుమ్ము. కర్నూలు మీద ఒక్క మబ్బు లేదు.

తర్వాత నెలన్నరకు బిడ్డ పాదంలో సూది గుచ్చి పరీక్ష చేశారు. లేదన్నారు. ఆర్నెల్లకు చేశారు. లేదన్నారు. ప్రతిసారీ స్తుతి వాకిట్లో గోడకు చేరగిలబడి, ఎండిన పెదాలతో కాచుకుంది. ప్రతిసారీ రామలక్ష్మమ్మ పక్కన నిలబడి, మేకల్ని అదిలించినట్టు దేవుణ్ణి అదిలించింది.

బిడ్డకు ఆరాధన అని పేరు పెట్టుకున్నారు.

ఇంట్లో కంచాలన్నీ కలిసిపోయాయి — ఎప్పుడు కలిశాయో ఎవరూ గమనించలేదు. ఊరికి ఏమీ చెప్పలేదు. చెప్తుందో లేదో స్తుతికే తెలియదు. కొన్ని సాయంత్రాలు మాత్ర చేతిలో పెట్టుకుని చాలాసేపు కూచుంటుంది. ఇంకా ఎన్నేళ్లు... అనుకుంటుంది. ఆ సాయంత్రాలు పోలేదు. పోవు కూడా. మింగి లేస్తుంది.

ఏడాదిన్నరకు ఆఖరి పరీక్ష.

"లేదు," అంది మేడం. "ఇంక పరీక్షలు అక్కర్లేదు. ఈ పిల్లలో అది లేదు."

ఊరి దగ్గర బస్సు దిగారు. కాలువ గట్టు మీద నడుస్తున్నారు. ఆరాధన లేవి చేయి విడిపించుకుని ముందుకు ఉరికింది. ఉరికి, రాయి తట్టుకుని, బోర్లా పడింది.

మోకాలు గీసుకుపోయింది.

స్తుతి పరుగెత్తింది. బిడ్డను ఒళ్లో కూచోబెట్టుకుంది. మోకాలి మీద ఒక చుక్క. ఎర్రగా, గుండ్రంగా, ఎండకు మెరుస్తూ.

ఆమె కొంగు ఎత్తింది. తుడవబోయి ఆగింది.

చూసింది.

ఇది తన నెత్తుట్లోంచి వచ్చింది. తన చీకట్లో తొమ్మిది నెలలు ఉంది. తన పాలు తాగి పెరిగింది. తనలోనిది తనలోనే ఉంది — నిన్నా ఉంది, రేపూ ఉంటుంది. ఇందులో మాత్రం లేదు.

బిడ్డ ఏడుపు ఆపేసి, తల్లి మొహంలోకి వింతగా చూస్తోంది.

లేవి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఎట్లప్పా ఇది?" అంది స్తుతి. "ఎట్ల?"

లేవి మెల్లగా వంగి, వాళ్ల పక్కన ఆ దుమ్ములోనే కూచుని, తనూ ఆ చుక్క వంక చూడసాగాడు.