బూడిద డొక్క మీది గాయం

ఆ పొద్దున గుర్రపుశాల తలుపు తీయగానే టీచర్ ఒక్క పరుగున లోపలికెళ్లింది. బూడిద డొక్క మీద తోలు లేచిపోయి నెత్తురు కారుతోంది. బూడిదంటే ఆవిడ పోటీలకని కళ్లల్లో పెట్టుకుని పెంచుకుంటున్న మగ గుర్రం. స్వారీ నేర్పడం ఆవిడ పని. గుర్రాల ఆలనాపాలనా అక్క మొగుడిది.

"బావా, దీన్ని దేనితో కొట్టారు?"

ఆయన బిత్తరపోయాడు. "నేనా? కొట్టడమా?"

"మరి దానంతటదే చీరుకుపోయిందా?"

ఆయన చేతిలోని గడ్డిమోపు దించి వెళ్లిపోయాడు. "ఆయన్ని అంత మాట ఎలా అన్నావే?" అని అక్క ఫోన్లో ఏడ్చినా టీచర్ మెత్తబడలేదు.

బావ పనిలోకి రావడం మానేశాక కూడా కొత్త గాయాలు పడుతూనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం నీళ్లు తీసుకెళ్తుంటే లోపల్నుంచి కీచుమని అరుపు. తలుపు సందులోంచి చూస్తే, బూడిద మెడ వెనక్కి తిప్పి తన డొక్కని తనే కసిగా కొరుక్కుంటోంది. గోడని తన్ని, గిరగిరా తిరిగి, మళ్లీ కొరుక్కుంటోంది. టీచర్ వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసింది.

పశువుల డాక్టర్ చర్మం చూశాడు, కడుపులో పుండేమోనని గొట్టం వేసి చూశాడు. ఏ జబ్బూ లేదు.

"దీన్ని ఒంటరిగా ఎందుకు ఉంచారు?"

"మిగతావాటితో కలిస్తే గాట్లు పడతాయని..." అంది టీచర్.

"మందలో బతికే జీవమండీ. తోడు లేదు, తిరుగుడు లేదు. ఏం తోచక తన మీదే పడుతోంది. మూతికి బుట్ట కడితే గాయం ఆగుతుందేమో గానీ బాధ ఆగదు. దాణా తగ్గించి గడ్డి ఎక్కువ పెట్టండి, రోజూ బయట తిప్పండి, ఏదైనా తోడు చూడండి. అప్పటికీ తగ్గకపోతే మగపొగరు తగ్గేలా విత్తులు కొట్టించే సంగతి ఆలోచిద్దాం."

డాక్టర్ వెళ్లగానే టీచర్ అక్క ఇంటికెళ్లింది. తలుపు తీసిన అక్క లోపలికి రమ్మనలేదు. టీచర్ గడప బయటే నిలబడి, లోపలున్న ఆయనతో, "బావా, తప్పంతా నాదే. దాన్ని ఒంటరిగా గదిలో పెట్టిందీ నేనే, మిమ్మల్ని దోషిని చేసిందీ నేనే," అంది.

ఆయన లేచి గడప దాకా వచ్చాడు. "గాయం ఆరిందా?"

"లేదు."

"రేపొస్తాను. దానికోసం. నా మనసు కుదుటపడ్డానికి మాత్రం టైం పడుతుంది."

మర్నాడు ఆయన ఒక మేకని వెంటబెట్టుకొచ్చాడు. అది దర్జాగా బూడిద గడ్డే మేస్తూ అక్కడే కాపురం పెట్టేసింది. కొరుక్కోవడం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. పోటీల ఊసు టీచర్ మళ్లీ ఎత్తలేదు.

బావ గుర్రంతో కబుర్లాడతాడు, మేకని తిట్టిపోస్తాడు. టీచర్‌తో మాత్రం ఊ, ఆ తప్ప మాట్లాడడు. ఆయన గాయానికి మందు రాస్తుంటే ఆవిడ డబ్బా పట్టుకుని పక్కన నిలబడుతుంది.