అద్దంలో కనపడేలా

“లోపల సర్దెయ్ నోలా, నేను ఇంజను వేడెక్కిస్తుంటా.”

ఏ ఊళ్ళో ఉన్నా మా పొద్దు ఈ మాటతోనే మొదలయ్యేది. మా ఆయన కెల్విన్ బండి ముందు సీట్లో కూర్చుని తాళం తిప్పేవాడు. వెనక నేను దుప్పట్లు మడిచి, మంచాన్ని విడదీసి మళ్ళీ సోఫాలుగా మార్చి, మధ్యలో బల్ల లేపి, కప్పులు కొక్కేలకు తగిలించి, పళ్ళేల మధ్య తువ్వాళ్ళు దూర్చేదాన్ని. దూర్చకపోతే దారంతా గలగలమంటాయి, ఆ చప్పుడు కెల్విన్‌కి పడదు. ఈ కాలం ఇంజన్లకు అంతసేపు వేడెక్కడం అక్కర్లేదని నాకు తెలుసు. మా నాన్న గోధుమ లారీకైతే కావలసి వచ్చేది. పదహారేళ్ళప్పుడు కోతల కాలంలో ఆ లారీని గిడ్డంగి దాకా నేనే నడిపేదాన్ని. పెళ్ళయ్యాక స్టీరింగు నా చేతిలోంచి ఎప్పుడు పోయిందో చెప్పలేను. ఎవరూ లాక్కోలేదు. ఎక్కడికి వెళ్ళినా కెల్విన్ కుడివైపు తలుపు తీసేవాడు, నేను ఎడమవైపు తలుపు తీసేదాన్ని, అంతే.

రిటైరయ్యాక దేశం చూడాలన్నది అతని కల. ఆ కల కోసమే ఈ బండి కొన్నాం. పొయ్యి, మంచం, స్నానాల గది అన్నీ అందులోనే. సముద్రం పక్క ఊళ్ళు, లోపలి పల్లెటూళ్ళు, ఒక్కోచోట రెండు రోజులు. “ఇంక నీకు రోజూ సెలవే” అని మా పాస్టరుగారు నవ్వుతూ సాగనంపారు. కెల్విన్‌ని ఎరువుల కంపెనీ రిటైర్ చేసింది. నన్ను మాత్రం ఎవరూ చెయ్యలేదు. వంటగది చిన్నదైంది, వంట అంతే ఉంది. చేపలు పట్టడం తన పని, పొలుసు తియ్యడం నా పని. మరుగుదొడ్డి డబ్బా తనే ఖాళీ చేస్తాడు, అబద్ధం చెప్పకూడదు. ఆ పని చేసిన రోజు మాత్రం ఊరంతటికీ తెలుస్తుంది. దేవుడు ఏడో రోజు విశ్రమించాడని చిన్నప్పటినుంచీ చదువుతున్నాను, నమ్ముతున్నాను. ఆ రోజు గిన్నెలు ఎవరు తోమారో ఎక్కడా రాసి లేదు. తప్పు పట్టాలని కాదు, తోమేటప్పుడు గుర్తొస్తుంది.

ఇవన్నీ నాకు అలవాటే. అలవాటు కానిది బండిని వెనక్కి పెట్టడం. సాయంత్రం ఏ బండ్ల స్థలంలోకి చేరినా, ముందే వచ్చినవాళ్ళు మడత కుర్చీలేసుకుని చేతిలో బీరుతో కొత్తవాళ్ళు ఎలా పెడతారా అని చూస్తుంటారు. నేను దిగి బండి వెనక నిలబడి చేతులు ఊపాలి.

“నోలా! అద్దంలో కనపడేలా నిలబడమన్నానా లేదా? అక్కడ నిలబడితే నువ్వో స్తంభమో ఎవరికి తెలుస్తుంది?”

కుర్చీల్లో నవ్వులు.

“ఆ ఊపుడేంటి? ఆగమనా, రమ్మనా? ఈగలు తోలుతున్నావా?”

ఇంకా నవ్వులు. ఒకచోట నేను రెండు చేతులూ ఎత్తి ఆపమన్నా వినకుండా వచ్చి నీళ్ళ కుళాయిని గుద్దాడు. దిగి సొట్ట తడుముకుంటూ, చూస్తున్నవాళ్ళతో అన్నాడు: “ఏం చేస్తాం, మా గైడుకి కుడీ ఎడమా తెలీదు.” ఆ రాత్రి ప్రార్థనలో అతన్ని క్షమించాను. మర్నాడు ఇంకో ఊరు, మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే ప్రార్థన.

ఈ ప్రయాణంలో నేను అడిగింది ఒక్కటే. మా పుట్టింటి ఊరు వారలీలో మా చిన్న లూథరన్ చర్చిని మూసేస్తున్నారు. గోధుమ చేల మధ్య రాతి గోడల చర్చి. నాకు బాప్తిస్మం ఇచ్చింది అక్కడే. బలిపీఠం మీది తెల్లగుడ్డను మా అమ్మ ఇస్త్రీ చేసేది. ఊళ్ళో జనం తగ్గిపోయారు. ఈ ఆదివారం ఆఖరి ఆరాధన చేసి, సిలువ బయటికి తెచ్చి తలుపు తాళం వేస్తారు. “ఆ రోజుకి అక్కడుంటాం, మాటిస్తున్నా” అని కెల్విన్ బయలుదేరే ముందే చెప్పాడు.

శుక్రవారం మేము పోర్ట్ మెరిండాలో ఉన్నాం. వారలీకి అక్కణ్ణించి గంటన్నర దారి. శనివారం పొద్దున కదలాలి. కదల్లేదు. మధ్యాహ్నం అన్నం గిన్నెలు కడుగుతుంటే, పక్క బండి రెక్స్‌తో కెల్విన్ మాటలు కిటికీలోంచి వినపడ్డాయి. సోమవారం దాకా చోటు తీసేసుకున్నాడట.

బయటికొచ్చి అడిగాను. “మరి చర్చి?”

“ఓహ్, అదా. రెక్స్ చెప్పాడు, రేపు పొద్దున సముద్రం పోటుకి చేపలు గుంపులు గుంపులుగా వస్తాయట. ఏడాదికోసారి దొరికే అదృష్టం నోలా.”

“చర్చి మళ్ళీ ఏడాది ఉండదు.”

“గోడలెక్కడికి పోతాయి? మంగళవారం తీసుకెళ్తా, బయట నిలబడి ఫొటో తీసుకుందువు. పట్టుమని పదిమంది ముసలాళ్ళు కూడా ఉండరు, ఏముందక్కడ?”

“దేవుడికి ఆదివారాలకేం కొదవ వదినా” అన్నాడు రెక్స్. అతని భార్య మార్లీన్ నవ్వలేదు. నా మొహం చూసి, చేతిలో అల్లిక కిందపెట్టింది.

నేను లోపలికొచ్చి మిగిలిన గిన్నెలు కడిగాను. ఏడుపొస్తుందేమోనని చూశాను, రాలేదు. మా అమ్మ చర్చిలో ఎప్పుడూ ఆఖరి బల్ల మీద, తలుపు పక్కన కూర్చునేది. చివరి కీర్తన సగంలో ఉండగానే లేచి వెళ్ళి టీ నీళ్ళు పెట్టాలి గనక. ఆవిడ ఆ కీర్తన చివరి చరణం ఎప్పుడైనా పాడిందా? నాకు తెలీదు. రేపు ఆ బల్ల మీద కూర్చుని చివరి చరణం దాకా పాడాలి. అది తప్ప ఇంకేమీ వద్దనిపించింది. అదొక్కటీ లేకపోతే, ఇంటికి చేరేసరికి నాలో ఏం మిగులుతుందో తెలీదనిపించింది.

సాయంత్రం చేపల పొలుసు తీస్తూ చెప్పాను. “రేపు పొద్దున నేను వారలీ వెళ్తున్నా.”

“ఎలా?”

“బండిలో.”

కెల్విన్ నవ్వాడు. “నడిపేదెవరు?”

“నేను. నీ గాలం, కుర్చీ, ఐసు పెట్టె కింద దింపి వెళ్తా. మధ్యాహ్నం దాటాక వచ్చేస్తా.”

“ఏడు మీటర్ల బండి తల్లీ అది. వెనక ఏముందో తెలియాలి.”

“నాకు తెలిసినంత నీకు తెలీదు కెల్. దాని వెనక ఎప్పుడైనా నిలబడ్డావా?”

మళ్ళీ నవ్వాడు, ఈసారి కొంచెం తక్కువ. పొద్దున్నకి నేను మర్చిపోతాననుకుని ఉంటాడు.

పొద్దున లేచి నా నీలం గౌను వేసుకున్నాను. అతను పడుకునే ఉన్నాడు. కరెంటు తీగ పీకి చుట్టాను. నీళ్ళ గొట్టం విప్పాను. మెట్టు లోపలికి తోశాను. కుర్చీ, గాలం, ఐసు పెట్టె పచ్చిక మీద వరసగా పెట్టాను. కుడివైపు తలుపు తీసి ఎక్కి, సీటు ముందుకి జరుపుకున్నాను. కాళ్ళందేలా జరపడానికి చాలాసేపు పట్టింది. తాళం తిప్పాను.

వెనక మంచం మీంచి కెల్విన్ దిగ్గున లేచాడు. “ఏయ్, ఏమిటిది! నిజంగానే పోతున్నావా?”

“చెప్పాగా.”

“నేను పైజామాలో ఉన్నా!”

“దిగాలంటే దిగు. రావాలంటే రా. ముందు మాత్రం వెనక నిలబడి దారి చెప్పు, రాత్రి మన ముందు ట్రక్కు పెట్టేశారు. వెనక్కే తియ్యాలి.”

ఏమనుకున్నాడో, దిగాడు. అప్పటికే కాఫీ కప్పులతో రెక్స్, మార్లీన్, ఇంకో నలుగురు కుర్చీల్లో ఉన్నారు. కెల్విన్ పైజామాలో బండి వెనక్కి వెళ్ళాడు. అద్దంలో చూశాను. లేడు. ఇంకో అద్దంలో చూశాను. లేడు. ఎక్కడో సరిగ్గా మధ్యలో నిలబడి అరుస్తున్నాడు, మాట వినపడుతోంది, మనిషి కనపడడు.

అరవాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా, అతని మాటే, అదే గొంతుతో. కుర్చీల్లో వాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఇంజను ఆపి దిగాను. వెనక్కి నడిచి, కెల్విన్ భుజాలు పట్టుకుని రెండడుగులు పక్కకి జరిపాను.

“ఇక్కడ నిలబడాలి. ఇక్కడైతే నీకు అద్దంలో నా మొహం కనపడుతుంది. నీకు నేను కనపడితే నాకు నువ్వు కనపడతావు. చెయ్యి నెమ్మదిగా ఊపు, చాలు.”

“ఇది నాకెప్పుడూ చెప్పలేదే” అన్నాడు.

“అడగలేదుగా” అంది మార్లీన్, కుర్చీలోంచే.

బండి ఎక్కడా తగలకుండా బయటికి వచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ నవ్వలేదు. ఇంటిని వదిలి వెళ్ళిన ఆడవాళ్ళ గురించి చాలా విన్నాను, వాళ్ళకోసం ప్రార్థించాను కూడా. నేను ఇంటిని వెంటబెట్టుకునే వెళ్తున్నాను. కెల్విన్ కాసేపు గాలం వైపు, కాసేపు నా వైపు చూసి, ఎడమవైపు తలుపు తీసుకుని ఎక్కాడు.

దారంతా పళ్ళేలు గలగలమన్నాయి. తువ్వాళ్ళు దూర్చడం మర్చిపోయాను. ప్రతి మలుపులో అతను లేని బ్రేకు మీద కాలు నొక్కుతున్నాడు. పళ్ళేల చప్పుడు నాకు బాగానే ఉంది.

వారలీలో పదిమంది కాదు, గోడల దాకా జనం. ఎక్కడెక్కడికో వెళ్ళిపోయినవాళ్ళంతా వచ్చారు. ఆఖరి బల్ల మీద తలుపు పక్కన కూర్చున్నాను. కోటు కింద పైజామాతో కెల్విన్ నా పక్కన. చివరి కీర్తన సగంలో ముందు వరసల్లోంచి ఇద్దరు ఆడవాళ్ళు లేచి టీ నీళ్ళకని బయటికి నడిచారు. నా మోకాళ్ళు కూడా లేవబోయాయి. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. చివరి చరణం దాకా పాడాను. మా అమ్మ వంతు కూడా.

సిలువ బయటికి తెచ్చారు, తలుపు మూశారు, తాళం వేశారు. టీ తాగాం.

బండి దగ్గరికొచ్చేసరికి కెల్విన్ అలవాటు చొప్పున కుడివైపు తలుపు దగ్గర నిలబడి చెయ్యి చాపాడు, తాళం కోసం. తాళం నా చేతిసంచిలో, పాటల పుస్తకం పక్కన ఉంది. వెనక మంచం పొద్దున్న వదిలినట్టే చెదిరి ఉంది. రెండు కప్పులు నేలమీద దొర్లుతున్నాయి.

ఎక్కి, నా కొలతకి జరుపుకున్న సీట్లో కూర్చున్నాను.

“లోపల సర్దెయ్ కెల్” అన్నాను. “నేను ఇంజను వేడెక్కిస్తుంటా.”