వేలు తీయని రాగం

"ప్లాస్టిక్ పువ్వులా ఉందమ్మాయ్. రంగుంది గానీ వాసన లేదు."

ఆ మాట అనేసి గాయని మైకు పక్కన పెట్టింది. ఒకప్పుడు ఇంటింటా మోగిన తన పాటను ఆవిడ ఈ సాయంత్రం మళ్లీ పాడాలి. పల్లవికి ముందు పాత సింథసైజర్ కీబోర్డు మీద ఓ చిన్న రాగం వస్తుంది. ఎవరో చెవి దగ్గర కూనిరాగం తీసినంత వెచ్చగా ఉంటుంది.

"టీ తాగొస్తాను. అప్పటికీ ఇంతే అయితే ఆ పాత రికార్డు పెట్టేయండి మాస్టారూ."

ట్రూపు నడిపే మాస్టారు, ఆ రాగం వాయించిన కీబోర్డు అమ్మాయి వంక చూశాడు. "విన్నావుగా. రికార్డే పెడితే ఇక నీతో పనేముందమ్మా?"

ట్రూపులో ఆమెకిదే మొదటి కచేరీ.

మిక్సర్ దగ్గర కూర్చున్నది ఆమె కొత్త మొగుడు. "జంటగా మోగే రెండో స్వరాన్ని వెంట్రుకవాసి పక్కకి జరుపు," అన్నాడు. జరిపింది. సన్నటి శబ్దం ఒళ్లు చేసింది. ఫిల్టరు తగ్గిస్తే పదును కూడా పోయింది.

"ఇప్పుడెలా ఉందండీ?"

"అన్నీ వేసి ఉప్పు మరిచిన కూరలా ఉంది."

"ఆ ఉప్పేదో చెప్పి పుణ్యం కట్టుకోండి!"

"తెలిస్తే నేనే వాయించేవాణ్ణి కదా, మహాతల్లీ!"

పాత పాటలో ఒక స్వరం ఇంకో స్వరంలోకి జారుతుంది. ఆమె జారుడు మీట వేసింది. ప్రతి స్వరమూ తప్పతాగినవాడిలా తూలింది. మీటను మధ్యలో పెట్టింది. ఒక్కటీ జారలేదు. పక్కగదిలో కప్పు, సాసరు చప్పుడయ్యాయి. మాస్టారు రికార్డు తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు.

అది చూసి మొగుడు వేదిక ఎక్కాడు. "కాసిన్ని నీళ్లు తాగుదువుగాని, రా." చిక్కుపడ్డ వైర్ల మీదుగా నడిపిస్తూ ఆమె కుడిచేయి వదలకముందే ఎడమచేయి అందుకున్నాడు.

ఆమె టక్కున ఆగిపోయింది. "మీరు చెయ్యి వదల్లేదు!"

"వదలడానికా చేసుకుంది?"

"అబ్బ, అది కాదండీ!"

ఒక్క ఉరుకులో కీబోర్డు దగ్గరికి వెళ్లింది. చిన్నప్పుడు సంగీతం నేర్పిన పంతులమ్మ, వేలు శుభ్రంగా ఎత్తాకే రెండో మెట్టు నొక్కాలని మొట్టికాయలు వేసి మరీ నేర్పింది. ఆ శుభ్రతే కొంప ముంచుతోంది! ఈసారి ఒక మెట్టు మీది వేలు తీయకుండానే పక్కది నొక్కింది. స్వరం మెత్తగా జారి వెళ్లి రెండోదాని ఒళ్లో కూర్చుంది. మీట మధ్యలో ఉంటే, వేలు తీయని చోటే స్వరం జారుతుందన్నమాట!

అంతలో గాయని తలుపు దగ్గరికి వచ్చేసింది. ఇక తాడో పేడో. అమ్మాయి తల ఎత్తకుండా రాగమంతా వాయించింది. పల్లవి రావాల్సిన చోట గాయని ఓ గుక్క టీ తాగింది. మాస్టారి వేలు రికార్డు మోగించే బటన్ మీదికి వెళ్లింది. అమ్మాయి పెదవి కొరుక్కుని రాగం మళ్లీ మొదలుపెట్టింది.

ఈసారి రాగం చివర, గుమ్మంలోంచే, చేతిలో కప్పుతోనే, గాయని పల్లవి అందుకుంది.

మాస్టారు బటన్ వదిలేసి మైకు కోసం పరుగెత్తాడు. అమ్మాయి మాత్రం ఆఖరి మెట్టు మీది వేలు తీయలేదు.