పసుపు గూళ్ల వంశం

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ముప్పై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. ఒక పుట రాయడానికి నాకు రెండు రోజులు పడుతుంది.

పుంగనూరు దగ్గర పల్లెలో కాంతమ్మ పొద్దున్నే మల్బరీ ఆకు కోసి, తరిగి, పట్టుపురుగులకు వేసేది. రోజుకు నాలుగు మేతలు. తట్టలు మార్చడం, సున్నం చల్లడం, చచ్చినవాటిని ఏరడం, అంతా ఆమె పనే. పురుగు పండి గూడు కట్టే రోజు మాత్రం మరిది మునెప్ప, "ఈ పొద్దు నువ్వు చెయ్యి పెట్టొద్దు వదినా, లోపలికి పో" అనేవాడు. మొగుడు పోయిన చెయ్యి పట్టుకు కీడట. అన్నాళ్లూ మేత వేసింది ఆ చెయ్యే అని ఎవరికీ గుర్తుండేది కాదు.

జబ్బు వచ్చి తట్టలకు తట్టలు పోయినప్పుడు కూడా పసుపు గూళ్లు కట్టే పురుగులు కొన్ని బతికేవి. కాంతమ్మ వాటినే విత్తనానికి ఉంచేది. సీతాకోకలు గుడ్లు పెట్టిన కాగితం మీదే, ఆ పంటలో ఎన్ని పోయాయో ఎన్ని మిగిలాయో రాసుకునేది. అలా తొమ్మిదేళ్లు.

"పురుగులకు జాతకం రాస్తాండావా వదినా? సంబంధాలు కూడా సూస్తావా?" అని నవ్వేవాడు మునెప్ప.

రెండు వేల నాలుగులో బెంగళూరు నుంచి ప్రీతి అనే పరిశోధకురాలు వచ్చింది. జబ్బుకు తట్టుకునే పురుగులు ఈ ఇంట్లో ఉన్నాయని మదనపల్లె గూళ్ల మార్కెట్లో విన్నదట.

"ప్రతి పురుగు ఒంట్లోనూ దాని వంశం సన్నటి రాతలా ఉంటుంది. బతికినవాటిదీ చచ్చినవాటిదీ పక్కపక్కన పెట్టి చదివితే, తేడా ఎక్కడుందో తెలుస్తుంది. మూడేళ్ల పని" అంది.

మునెప్ప పెద్ద పెద్ద తెల్ల గూళ్లు ఏరి బుట్టతో తెచ్చాడు. వచ్చినవాళ్ల ముందు ఇంటి పరువు నిలబడాలి కదా. అవి కొన్న గుడ్లవి. జబ్బొస్తే ముందు పోయేవి అవే.

కాంతమ్మ గడప లోపల నిలబడిపోయింది. నోరు విప్పితే మరిది పరువు పోతుంది, ఆ ఇంట్లో తన ముద్ద కూడా పోతుంది. విప్పకపోతే ఆ అమ్మాయి మూడేళ్లు వేరే పురుగును చదువుతుంది. మొగుడు పోయిన ఈ పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ తనను ఏదీ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు.

"అవి కాదమ్మా" అంది గడప దాటి. "అవి సూసేదానికే బాగుంటాయి. బతికేటివి ఈడ ఉండాయి."

కాగితాల కట్ట ప్రీతి చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"ఇవన్నీ ఎవరు రాశారు?"

"మా ఇంట్లో రాసిందే మేడం" అన్నాడు మునెప్ప.

"ఇల్లు రాయలేదప్పా, నేను రాసినాను."

ప్రీతి కాగితాలు తిరిగి ఇచ్చి, పసుపు గూళ్లు కొన్ని తీసుకుని వెళ్లింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. పది రోజులు చూసి, విత్తనం కాగితాలు సంచిలో పెట్టుకుని కాంతమ్మ బస్సెక్కింది. ఇప్పుడు రెండు గదులు అద్దెకు తీసుకుంది, ఒకటి పురుగులకు, ఒకటి తనకు. మాట్లాడాలనిపిస్తే రాస్తుంది.

ఇట్లు,
కాంతమ్మ, యాభై రెండేళ్లు, కుప్పం.