తూర్పు వైపు చోటు

నేను ఒక పీటను. విరిగిన బండి తుమ్మచెక్కతో పల్నాడు వడ్రంగి ఒకాయన నన్ను జానెడెత్తున చేశాడు. మొదట ఆయన భార్య నా మీద కూర్చుని పొయ్యి ఊదుకునేది. ఒక కాలు పొట్టిదని విసుక్కుని నన్ను కూలికి పోయే దీనమ్మకిచ్చేసింది. దీనమ్మ ఆ కాలికి రేకుముక్క కొట్టించి, మిరప కల్లానికి తీసుకెళ్ళింది.

అక్కడ ఎండుమిరప రాశికి రెండు వైపులా ఆడవాళ్ళు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరతారు. కాయ కదిలితే చాలు, దుమ్ము లేస్తుంది. ముక్కుకు కట్టుకున్న చెంగు సాయంత్రానికి లోపలివైపు కూడా ఎర్రబడుతుంది. కోతల మొదట్లో గాలి తూర్పు నుంచి వీస్తుంది కనుక తూర్పున కూర్చున్నవాళ్ళకు కాస్త ఊపిరాడుతుంది. పడమటివాళ్ళు దగ్గుతారు. అందుకే తూర్పు చోట్లు పెద్దవాళ్ళవి. ఎవరి పీట ఎక్కడుంటే ఆ చోటు వాళ్ళదే.

పద్దెనిమిదేళ్ళు నేనూ దీనమ్మా పడమటనే ఉన్నాం. ఒక పెద్దామె పని మానేసిన ఏడు దీనమ్మ నన్ను తూర్పున వేసి, కొత్తచీర కట్టుకున్నదానిలా కూర్చుంది.

ఎండలు ముదిరాక గాలి మళ్ళి పడమటి నుంచి వీచింది. దుమ్మంతా తూర్పు మీదికే. చెక్కనైన నాకే తెలిసింది. మనుషులకు మాత్రం, గౌరవం ఒక దిక్కున కుదిరాక గాలి సంగతి పట్టదు.

పనికి కొత్తగా చేరిన మహిమ పడమటి నుంచి పిలిచింది. "అత్తా, గాలి మళ్ళింది. ఇటొచ్చి కూసో."

"కొత్తోళ్ళ పక్కనా? పద్దెనిమిదేళ్ళు దగ్గి సంపాయించుకున్నానే ఈ చోటు!"

"సంపాయించుకున్నావుగా, ఇంకా దగ్గుతావేంది?"

అందరూ నవ్వారు. దీనమ్మ కూడా నవ్వబోయి దగ్గింది.

మూడు వేసవులు అలాగే గడిచాయి. తర్వాత దగ్గుతోపాటు ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తులు పాడయ్యాయని, దుమ్ములోకి పోవద్దని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. పడుకుంటే ఊపిరాడదు. రోజంతా గుమ్మం దగ్గర నా మీద కూర్చుని, గోడకు ఆనుకునేది.

ఒక సాయంత్రం మహిమ చూడవచ్చింది.

"నా చోట్లో ఎవరే?"

"సౌభాగ్యమక్క. దీనమ్మ చోటు దక్కిందని ఒకటే సంబరం."

"గాలెటుంది?"

"మళ్ళింది. చెప్తే వింటదా?"

నేనే వచ్చి చెప్తానంటూ దీనమ్మ లేచింది. వాకిలి దాటకముందే మెడనరాలు తేలాయి. గోడ పట్టుకుని వెనక్కొచ్చి, నా మీద కూర్చోకుండా నన్నెత్తి మహిమ చేతుల్లో పెట్టింది. తాను నేల మీద చతికిలబడింది.

"పడమటేపున వెయ్యి... నేనొస్తన్నానని చెప్పు. నా పక్కన... కూసోమను దాన్ని."

మర్నాడు నన్ను పడమటి వైపు చూసి సౌభాగ్యం చాలాసేపు గొణిగింది. చివరికి తన పీట తెచ్చి నా పక్కన వేసుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే జరిగారు. దీనమ్మ వస్తుందని నన్ను నాలుగు రోజులు ఖాళీగా ఉంచారు. ఐదో రోజు అందరూ దీనమ్మ ఇంటికే పోయారు, కల్లానికి ఎవ్వరూ రాలేదు. రాశి పక్కన పీటలం మాత్రమే ఉన్నాం.

ఇప్పుడు గాలి మళ్ళినప్పుడల్లా ముందుగా నన్ను జరుపుతారు. ఆ వెనకే అందరూ జరిగి ఒకే వైపు కూర్చుంటారు. నా మీద ఎవరూ కూర్చోరు. దుమ్ము తగ్గిందనే అనుకుంటున్నారు.

ఈ ఏడు నా పక్కన కూర్చునే మహిమ దగ్గుతోంది.