గాజు వాల్వుకు గడ్డి గూడు

చైనా యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో, నూజివీడులో సుబ్రహ్మణ్యం గారి మామిడి షెడ్డుకి ప్రభుత్వ ఫ్యాక్టరీ నుంచి నారాయణరావు అనే ఆఫీసరు వచ్చాడు. వాళ్ళు సైన్యానికి వైర్‌లెస్ సెట్లు చేస్తారట. వాటిలో వేసే, బల్బుల్లాంటి గాజు వాల్వులు కొండదారుల్లో పగిలిపోతున్నాయట. కలకత్తా దాకా పండు నలగకుండా పంపే ఊరని విని, పెట్టెల కోసం వచ్చాడు.

ఆ షెడ్డులో పెట్టెలు చేసే వడ్రంగిని నేను, బుచ్చయ్యని. మామిడి మాకు రెండు నెలల కూడు. ఈ పని దొరికితే మిగతా పది నెలలూ షెడ్డు మూతపడదు. పెట్టెల్లో గడ్డి పరిచే అచ్చమ్మక్కని పక్కకి జరగమన్నాను. ఇది చెక్క పని, గడ్డి పని కాదని నా పొగరు.

ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? చెక్కకీ చెక్కకీ మధ్య వేలెడు సందు వదిలేశాను. కాయకి గాలి ఆడాలి కదా.

"ఏంటయ్యా ఇది, వాల్వులు మాగుతాయనుకున్నావా?" అన్నాడు ఆఫీసరు.

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన తెచ్చిన డ్రాయింగు ప్రకారం సందుల్లేకుండా మళ్ళీ చేశాను. వాల్వు కదలకుండా దూది కూరి బిగించాం. పరీక్షకని పెట్టెని మనిషెత్తు నుంచి పడేస్తే లోపల వాల్వు పగిలి ముక్కలైంది. ఆయన దగ్గర ఇంకొకటే మిగిలింది.

"ఇదీ పోతే మా ఫ్యాక్టరీలోనే ఏదో తంటాలు పడతామండీ" అని మా షావుకారు సుబ్రహ్మణ్యం గారితో చెప్పాడు.

అప్పుడు అచ్చమ్మక్క ముందుకొచ్చింది. "నన్నోసారి చూడనివ్వండి బాబూ. బిగించి కడితే దెబ్బ కాయకే తగులుద్దండి. గడ్డికి తగలాలి."

మామిడికాయని చూసే అలవాటుగా వాల్వుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. వరిగడ్డి పురి తిప్పి పిట్టగూడంత గూడు అల్లింది. వాల్వుని అందులో వదులుగా కూర్చోబెట్టి నా పెట్టెలో పెట్టింది.

పడేశాం. ఆఫీసరు ఆ వాల్వుని తీసి, తను తెచ్చిన సెట్టులో పెట్టి మీట నొక్కాడు. కాసేపు ఏమీ లేదు. గాజు లోపల ఎర్రటి వెలుగు మెల్లగా పుట్టింది. ఆ తర్వాత ఎక్కడో దూరాన మాట్లాడే మనిషి గొంతు మా షెడ్డులో వినపడింది. పశువులు తినే గడ్డి ఆ గొంతుని కాపాడింది. ఇంతటి సంగతి నా కళ్ళతో చూస్తాననుకోలేదు.

ఆఫీసరు అచ్చమ్మక్కకి చేతులు జోడించాడు. తర్వాత షావుకారు వైపు తిరిగాడు.

"పెట్టెలు మా వడ్రంగులు చేయగలరండీ. ప్రభుత్వం చేయగలిగింది బయటికివ్వకూడదని మాకు రూలు. ఈ గూళ్ళు మాత్రం మావాళ్ళ వల్ల కాదు. ఏడాది పొడుగునా మీరే పంపాలి."

షెడ్డు నిలబడింది. నా ఉలికి మళ్ళీ రెండు నెలలే మిగిలాయి. అచ్చమ్మక్క నా మొహం చూసింది. గడ్డిమోపు దగ్గర కాస్త జరిగి చోటిచ్చింది. వెళ్ళి కూర్చుని, గుప్పెడు గడ్డి చేతిలోకి తీసుకున్నాను.

"పురి ఎటు తిప్పాలక్కా?" అన్నాను.